మార్ష్‌మాలో, స్టాప్‌వాచ్, మనవాళ్ల పిల్లలు

మార్ష్‌మాలో పరీక్ష గురించి వినని సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఉన్నాడంటే నేను నమ్మను. సాఫ్ట్ స్కిల్స్ ట్రైనింగ్ అని పిలిచి, మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఏసీ గదిలో, సరిగ్గా నిద్ర ముంచుకొచ్చే వేళకి ఆ వీడియో వేస్తారు. నాలుగేళ్ల పిల్లలు, ముందో ప్లేటు, ప్లేట్లో తెల్లగా మెత్తగా ఒక మిఠాయి. ఇప్పుడే తింటే ఒకటే, నేనొచ్చేదాకా ఆగితే రెండు అని చెప్పి టీచరమ్మ బయటికెళ్తుంది. ఒకడు వాసన చూస్తాడు, ఇంకోతి కళ్లు మూసుకుంటుంది, మరొకడు అంచు గిల్లి నోట్లో వేసుకుని ఏమీ ఎరగనట్టు కూచుంటాడు. హాలంతా నవ్వులు. అప్పుడు ట్రైనర్ గారు గొంతు సవరించుకుని అసలు బాంబు పేలుస్తారు: ఆగిన పిల్లలు పెద్దయ్యాక పైకొచ్చారు, ఆగనివాళ్లు వెనకబడ్డారు, ఇది స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు నిరూపించారు అని. తర్వాతి స్లైడు మన క్వార్టర్ టార్గెట్లు.

అక్కడితో ఆగితే గొడవే లేదు, ఓ కునుకు తీసి వచ్చేయొచ్చు. కానీ మాతో పాటు ఆ సెషన్లో కూచున్న ఒకాయన ఇంటికెళ్లి, వాళ్ల నాలుగేళ్ల కొడుకు ముందు గులాబ్ జామ్ పెట్టి, ఫోన్లో టైమర్ ఆన్ చేశాడు. మర్నాడు కాఫీ దగ్గర మొహం వేలాడేసుకుని, "గురూ, మావాడు పట్టుమని అర నిమిషం ఆగలేదు. వాళ్లక్క ఈ వయసులో ఎంత బుద్ధిగా ఉండేదో! వీణ్ణి ఏం చెయ్యాలో తెలీట్లేదు" అన్నాడు. సరదాకి అన్నాడనుకున్నా. కాదు. రెండు నెలల తర్వాత కూడా ఆ పిల్లాడి ప్రస్తావన వస్తే "వాడికి సెల్ఫ్ కంట్రోల్ లేదు" అనే అంటున్నాడు. నాలుగేళ్ల పసివాడికి అర నిమిషంలో ఒక ముద్ర పడిపోయింది. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ముద్రే. ఆ పరీక్ష పుట్టుపూర్వోత్తరాలు చదివితే, అలాంటి ముద్ర వేసే హక్కు దానికి లేదని దాన్ని కనిపెట్టినాయన లెక్కలే చెబుతాయి.

ఎవరైనా సైకాలజీ కొలత పట్టుకుని మన ముందుకొస్తే అడగాల్సినవి రెండు. ఒకటి, మళ్లీ కొలిస్తే అదే వస్తుందా? దీన్ని రిలయబిలిటీ అంటారు, పుస్తకాల తెలుగులో విశ్వసనీయత. రెండు, నువ్వు దేన్ని కొలుస్తున్నానంటున్నావో దాన్నే కొలుస్తున్నావా? ఇది వాలిడిటీ. మా ఊరి కిరాణా కొట్లో ఒక కాటా ఉండేది. ఎప్పుడు తూచినా, ఎవరు తూచినా కిలోకి యాభై గ్రాములు తక్కువే తూగేది. రోజుకో రకంగా మోసం చేసేది కాదు పాపం. మొదటి ప్రశ్నలో నూటికి నూరు, రెండో ప్రశ్నలో సున్నా.

మనవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు నిజానికి. ఎన్ని లైన్ల కోడ్ రాశావో లెక్కపెట్టమంటే ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఒకటే అంకె వస్తుంది. అది పనితనాన్ని కొలుస్తుందా అంటే, పదిహేను లైన్లలో అయ్యేదాన్ని నాలుగొందల లైన్లు చేసినవాణ్ణి మనందరం చూశాం. ఇక అప్రైజల్ రేటింగులు మొదటి ప్రశ్న దగ్గరే బోల్తా కొడతాయి. మేనేజర్ మారితే రేటింగ్ మారుతుంది, మనిషి మాత్రం అదే మనిషి. ఈ విషయంలో ఇంత తెలివిగా ఉండే మనం, స్లైడు మీద స్టాన్‌ఫర్డ్ అని కనబడగానే ఎందుకు తలాడిస్తామో నాకు అంతుబట్టదు.

సరే, అసలు కథలోకి వద్దాం. వాల్టర్ మిషెల్ వియన్నాలో 1930లో పుట్టి, నాజీల దెబ్బకి చిన్నప్పుడే కుటుంబంతో అమెరికా చేరినవాడు. 2018లో పోయాడు. మనకి ఆయనతో ఒక చిన్న చుట్టరికం కూడా ఉంది. స్టాన్‌ఫర్డ్ కన్నా ముందు, 1950లలో, ఆయన ట్రినిడాడ్‌లో ఒక పల్లెటూళ్లో పనిచేశాడు. అక్కడ భారతదేశం నుంచి కూలీలుగా వెళ్లినవాళ్ల సంతతి, ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ల సంతతి పక్కపక్కనే ఉండేవాళ్లు. వీళ్లకి వాళ్లంటే రేపటి ఆలోచన లేని విలాసపురుషులు, వాళ్లకి వీళ్లంటే డబ్బు దాచుకుని బతకడం తెలీని పీనాసులు. మిషెల్ ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్ని పిలిచి, ఇప్పుడే ఒక సెంటు మిఠాయి కావాలా, వచ్చే వారం పది సెంట్ల మిఠాయి కావాలా అని అడిగాడు. 1958లో అచ్చయిన ఆ పేపర్లో రెండు గుంపుల మధ్య తేడా కనబడింది. దాంతోపాటు ఇంకోటి కూడా కనబడింది. తండ్రి ఇంట్లో ఉన్న పిల్లలు ఆగడానికి ఎక్కువ మొగ్గు చూపారు. అంటే, ఆగడమనేది పిల్లాడి లోపల ఉన్న గుణం ఒక్కటే కాదేమో, చుట్టూ ఉన్న మనుషులతో కూడా ముడిపడి ఉందేమో అన్న అనుమానం మొదటి నుంచీ ఉంది. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

స్టాన్‌ఫర్డ్ ఆవరణలో బింగ్ నర్సరీ స్కూల్ అని ఒకటుంది. అక్కడి పిల్లల్లో ఎక్కువమంది ప్రొఫెసర్ల పిల్లలు, అక్కడ చదువుకునేవాళ్ల పిల్లలు. మిషెల్, ఆయన బృందం 1960ల చివర్లో, 1970ల మొదట్లో ఈ పిల్లల మీద వరసగా ప్రయోగాలు చేశారు. ఇక్కడ ఒక సంగతి ట్రైనర్లెవరూ చెప్పరు. ఏ పిల్లాడు గొప్పవాడవుతాడు అన్నది వీళ్ల ప్రశ్నే కాదు. ఏం చేస్తే పిల్లలు ఎక్కువసేపు ఆగగలరు అన్నది ప్రశ్న. 1970లో ఎబ్బెసెన్‌తో కలిసి అచ్చేసిన పేపర్లో 32 మంది పిల్లలు. కొందరికి తినుబండారం కళ్లెదుట పెట్టారు, కొందరికి కనబడకుండా దాచారు. ఎదురుగా ఉంటే దాన్ని చూసుకుంటూ ఓపిగ్గా ఆగుతారని వీళ్లు ముందు అనుకున్నారు. తీరా చూస్తే అంతా తారుమారు. రెండు రకాలూ కళ్లెదుట ఉన్నవాళ్లు సగటున ఒక్క నిమిషం ఆగారు, ఏదీ కనబడనివాళ్లు ఇంచుమించు 11 నిమిషాలు ఆగారు.

నా లెక్కలో ఇది చాలా మంచి ప్రయోగం. ఎవరు ఏ గుంపులోకి వెళ్లాలన్నది పరిశోధకుడు ఇష్టమొచ్చినట్టు ఎంచలేదు, చీట్లు తీసినట్టు పంచారు. కాబట్టి తేడా వచ్చిందంటే అది ప్లేటు కనబడటం వల్లే వచ్చిందని ధైర్యంగా చెప్పొచ్చు. ముందు అనుకున్నదానికి ఎదురు ఫలితం వచ్చినా దాచకుండా చెప్పారు కూడా. దీని నుంచి ఎవరైనా పాఠం తీసుకోవాలంటే, స్వీట్ డబ్బా అల్మరాలో పెట్టండి, ఫోన్ పక్క గదిలో పెట్టండి అన్నది తీసుకోవాలి. ఇందులో పిల్లాడి భవిష్యత్తు ఊసే లేదు.

భవిష్యత్తు తర్వాత వచ్చింది, అదీ అనుకోకుండా. మిషెల్ గారి ముగ్గురు కూతుళ్లూ ఆ బళ్లోనే చదివారు. అన్నాల దగ్గర వాళ్ల స్నేహితుల కబుర్లు వింటూ ఉంటే, అప్పట్లో ఎక్కువసేపు ఆగిన పిల్లలు చదువుల్లో కూడా బాగానే ఉన్నట్టున్నారే అని ఆయనకి తోచింది. తల్లిదండ్రులకి ఉత్తరాలు రాసి వివరాలు తెప్పించారు. షోదా, మిషెల్, పీక్ కలిసి 1990లో అచ్చేసిన పేపరు ఇదే. ప్రపంచమంతా ఉదహరించేది దీన్నే. ఆగిన నిమిషాలకీ, కాలేజీ ప్రవేశానికి రాసే శాట్ పరీక్ష మార్కులకీ మధ్య కోరిలేషన్ ఇంగ్లీషులో 0.42, లెక్కల్లో 0.57. తర్వాత 1995లో డేనియల్ గోల్‌మన్ రాసిన ఎమోషనల్ ఇంటెలిజెన్స్ పుస్తకంలో ఇది, ఎక్కువసేపు ఆగినవాళ్లకి 210 మార్కులు ఎక్కువ వచ్చాయన్న రూపంలో ఊరూరా తిరిగింది.

ఈ అంకెలు ఎంతమంది మీద వచ్చాయి? 35 మంది. ఆ ఏళ్లలో పరీక్షించిన పిల్లలు ఆరొందల పైచిలుకు. అందులో ఆచూకీ దొరికినవాళ్లు కొందరు, జవాబిచ్చినవాళ్లు కొందరు, శాట్ మార్కులు చెప్పినవాళ్లు ఇంకా కొందరు. మళ్లీ అందులో, మిఠాయి కళ్లెదుటే ఉండి, మనసు మళ్లించుకునే చిట్కాలేవీ చెప్పని గుంపు 35 మంది. ఈ కోరిలేషన్ కనబడింది ఆ గుంపులోనే, మిగతా గుంపుల్లో కనబడలేదు. 35 మంది మీద 0.42 వస్తే, దాని వెనక అసలు విలువ 0.10 నుంచి 0.66 దాకా ఎక్కడైనా ఉండొచ్చని మామూలు 95 శాతం లెక్క చెబుతుంది. 0.10 అంటే దాదాపు ఏమీ లేనట్టు, 0.66 అంటే జాతకం చెప్పేయొచ్చు. ప్రొడక్షన్లో 35 రిక్వెస్టుల లాగు చూసి సర్వర్ కెపాసిటీ లెక్కేసేవాణ్ణి మనం ఏమంటామో మీకు తెలుసు. న్యాయంగా చెప్పాలంటే, శాంపిల్ చిన్నదనీ, వేరే పిల్లల మీద మళ్లీ చూడాలనీ ఆ పేపరు రాసినవాళ్లే జాగ్రత్త చెప్పారు. ఆ జాగ్రత్త స్లైడు దాకా రాలేదు, అంతే.

ఇప్పుడు మొదటి ప్రశ్న వేద్దాం. ఈ కొలత రిలయబుల్‌గా ఉందా? ఉంది అనిపిస్తుంది, ఎందుకంటే స్టాప్‌వాచ్ ఉంది. ఎవరు చూసినా ఆరు నిమిషాల పన్నెండు సెకన్లే. ఇద్దరు మనుషులు చూసి ఒకే అంకె రాయడం ఒక రకం రిలయబిలిటీ, అందులో దీనికి వంక పెట్టలేం. మోసం అక్కడే ఉంది. గడియారం కచ్చితంగా ఉంటే కొలత కూడా కచ్చితంగా ఉన్నట్టు మనకి భ్రమ కలుగుతుంది. ఇదే పిల్లాణ్ణి ఎల్లుండి కూచోబెడితే? వాడు పొద్దున సరిగ్గా తిన్నాడో లేదో, నిద్ర చాలిందో లేదో, అసలు వాడికి ఆ మిఠాయి ఇష్టమో కాదో. మా అమ్మాయి పనీర్ ముందు రోజంతా కూచోగలదు, దానికి అది పడదు కాబట్టి. దాన్ని నిగ్రహం అంటారా? ఇరవై ప్రశ్నలున్న పరీక్షలో ఒక ప్రశ్న దగ్గర పొరబాటు జరిగినా మిగతా పందొమ్మిది సర్దుకుంటాయి. ఇక్కడున్నది ఒకే ప్రశ్న, ఒకే పూట.

ఒంటి కొలతలో ఇంత రొద ఉన్నప్పుడు జరిగేదేంటో స్పియర్‌మన్ 1904లోనే లెక్క కట్టి పెట్టాడు. రెండు కొలతల రిలయబిలిటీలని గుణించి వర్గమూలం తీస్తే, వాటి మధ్య మనకి కనబడగల కోరిలేషన్‌కి అదే పైకప్పు. ఆగిన నిమిషాల రిలయబిలిటీ 0.5 అనుకుందాం, మార్కులది 0.9 అనుకుందాం. వర్గమూలం 0.67. అంటే నిగ్రహానికీ మార్కులకీ నిజంగా విడదీయలేని బంధం ఉన్నా 0.67 దాటి కనబడదు. ఒక్క పూట కొలతలో 0.57 వచ్చిందంటే నేనైతే సంబరపడే ముందు అనుమానపడతాను. చిన్న శాంపిల్లో అదృష్టం కూడా ఒక చెయ్యి వేస్తుంది.

పెద్ద శాంపిల్ కోసం 2018 దాకా ఆగాల్సి వచ్చింది. టైలర్ వాట్స్, గ్రెగ్ డంకన్, హావోనన్ క్వాన్ అనే ముగ్గురు, అమెరికాలో పుట్టినప్పటి నుంచీ గమనిస్తూ వచ్చిన 918 మంది పిల్లల వివరాలు తీశారు. వాళ్లలో ముఖ్యంగా తల్లి డిగ్రీ పూర్తి చెయ్యని 552 మందిని చూశారు, ప్రొఫెసర్ల పిల్లలకి పూర్తి భిన్నంగా. నాలుగున్నరేళ్లప్పుడు ఆగిన సమయానికీ, పదిహేనేళ్లప్పటి చదువుకీ సంబంధం ఉంది, కానీ పాతదానిలో సగం. కుటుంబ పరిస్థితి, చిన్నప్పటి తెలివితేటలు, ఇంటి వాతావరణం లెక్కలోకి తీసుకుంటే ఆ సగంలోనూ మూడింట రెండొంతులు పోయింది. పదిహేనేళ్ల వయసులో ప్రవర్తనతో సంబంధమైతే దాదాపు లేదనే చెప్పాలి. ఇంకో తమాషా: చదువు విషయంలో మిగిలిన కాస్త తేడా కూడా చాలావరకు మొదటి 20 సెకన్లు ఆగారా లేదా అన్న దగ్గరే ఉంది. 20 సెకన్లు దాటాక రెండు నిమిషాలు ఆగావా ఏడు నిమిషాలా అన్నది పెద్దగా ఏమీ చెప్పలేదు. (మా కొలీగ్ కొడుకు అర నిమిషం ఆగాడు, చిత్తగించగలరు.)

వాట్స్ వాళ్ల పేపరూ తప్పులకి అతీతం కాదు. పాత ప్రయోగంలో గడువు పదిహేను నిమిషాలు, ఇందులో ఏడే. దాదాపు సగం మంది పిల్లలు ఆ ఏడూ ఆగేశారు. టైమవుట్ ఏడు సెకన్లకి పెట్టి లేటెన్సీ కొలిస్తే, ఎనిమిది సెకన్లు పట్టేదీ ఎనభై పట్టేదీ మనకి ఒకేలా కనబడతాయి కదా, అదే గొడవ. ఆ పేపర్ని ఎత్తిచూపుతూ వచ్చిన వాదనలు కూడా ఉన్నాయి. ఇంటి వాతావరణాన్ని లెక్కలోంచి తీసెయ్యడం సరైనదేనా, నిగ్రహం నేర్పేది ఆ ఇల్లే అయినప్పుడు, అన్నది మంచి ప్రశ్న. కానీ ఏ పక్క నుంచి చూసినా, అసలు పిల్లలే పెద్దవాళ్లయ్యాక ఏం తేలిందో చూడండి. బింగ్ స్కూల్ పిల్లల్లో 113 మందికి నలభై దాటాక వాళ్ల ఆస్తి, చదువు, ఆరోగ్యం వగైరాలు తీసుకుని 2020లో ఒక పేపరు వచ్చింది. రచయితల్లో షోదా, పీక్ ఉన్నారు. అప్పటికే కాలం చేసిన మిషెల్ పేరు కూడా ఉంది. ఏ లెక్క ఎలా వేస్తామో ముందే రాసిపెట్టుకుని మరీ చేశారు. చిన్నప్పుడు మిఠాయి ముందు ఆగిన నిమిషాలు ఒక్కటే తీసుకుంటే మధ్యవయసు స్థితిగతుల గురించి అది చెప్పగలిగిందేమీ లేదు. పదిహేడు, ఇరవయ్యేడు, ముప్పయ్యేడేళ్లప్పుడు అడిగిన పదుల కొద్దీ ప్రశ్నల జవాబుల్ని కూడా కలిపి చేసిన సూచిక మాత్రం కాస్త చెప్పింది. స్పియర్‌మన్ చెప్పింది ఇదే మరి, ఎక్కువసార్లు కొలిస్తే రొద తగ్గుతుంది. తన పేరుని ప్రపంచానికి తెలిపిన పరీక్షని తనే మళ్లీ నిలబెట్టి ప్రశ్నించిన మిషెల్ అంటే నాకు ఈ ఒక్క కారణానికే బోలెడు గౌరవం. మన దగ్గర ఎంతమంది తమ పాత డిజైన్‌ని అలా రివ్యూకి పెడతారు?

ఇక రెండో ప్రశ్న. ఇది నాకు మొదటిదానికన్నా ముఖ్యం. ఆగిన నిమిషాలు అసలు దేన్ని కొలుస్తున్నాయి?

సెలెస్ట్ కిడ్ అనే ఆవిడ చదువుకునే రోజుల్లో ఇళ్లు లేని కుటుంబాలుండే ఒక షెల్టర్లో పనిచేసింది. అక్కడ ఒక పిల్లకి బొమ్మో మిఠాయో దొరికితే, పెద్ద పిల్లలెవరో లాక్కుపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ఈ పిల్లలకి మార్ష్‌మాలో ఇస్తే ఒక్క క్షణం ఆగకుండా తినేస్తారు, అదే వాళ్లకి తెలివైన పని కూడా అని ఆవిడకి తట్టింది. తర్వాత రోచెస్టర్ యూనివర్సిటీలో ఇద్దరు సహ పరిశోధకులతో కలిసి దాన్నే ప్రయోగం చేసింది, 2013లో అచ్చయింది. 28 మంది పిల్లలు, చెరి సగం. అందరికీ ముందు బొమ్మలేసుకోవడానికి పాత క్రేయాన్లు ఇచ్చి, కాస్త ఆగితే కొత్తవి, మంచివి తెస్తానని చెప్పారు. సగం మందికి చెప్పినట్టే తెచ్చిచ్చారు. సగం మంది దగ్గరికి ఉత్త చేతులతో వచ్చి, అయ్యో లేవమ్మా, వీటితోనే వేసుకో అన్నారు. స్టిక్కర్ల విషయంలోనూ అలాగే. ఆ తర్వాత మార్ష్‌మాలో పెట్టారు. మాట నిలబెట్టుకున్న మనిషిని చూసిన పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు, మాట తప్పిన మనిషిని చూసినవాళ్లు 3 నిమిషాలు. పూర్తిగా పదిహేను నిమిషాలూ ఆగినవాళ్లు అక్కడ 14 మందిలో 9 మంది, ఇక్కడ 14 మందిలో ఒక్కడు.

35 మందిని వెక్కిరించి 28 మందిని నెత్తిన పెట్టుకోవడం ఏం న్యాయం అని మీరు అడగొచ్చు, అడగాలి కూడా. తేడా ఏంటంటే, అక్కడ పిల్లలు ఎలా ఉన్నారో అలా చూసి సంబంధం వెతికారు. ఇక్కడ చీట్లు తీసి పంచి, ఒక్క విషయం మాత్రమే మార్చారు. 9కి 1 అన్న తేడా కాకతాళీయంగా రావడానికి అవకాశం వెయ్యికి అయిదు కన్నా తక్కువ, నేనే లెక్కేసి చూశాను. అయినా ఒక్కటే అయితే నేనూ తొందరపడను. 2016లో మిఖేల్సన్, మునకాటా వేరే పద్ధతిలో, ఆ మనిషి ఇంకొకరితో ఎలా నడుచుకుందో పిల్లలకి చూపించి చేస్తే, అక్కడా నమ్మదగ్గ మనిషి కోసమే పిల్లలు ఎక్కువసేపు ఆగారు.

అంటే స్టాప్‌వాచ్‌లో పడిన అంకెలో నిగ్రహం ఎంతుందో, ఎదుటి మనిషి మీద నమ్మకం ఎంతుందో మనకి తెలీదు. నాన్న చెప్పిన టైముకి ఇంటికొస్తాడు, అమ్మ కొంటానన్నది కొంటుంది అని నాలుగేళ్ల పాటు చూసిన పిల్లాడు ఆగుతాడు. నెలాఖరుకి డబ్బుల్లేక అమ్మ నాలుగుసార్లు మాట మార్చాల్సి వచ్చిన ఇంట్లో పిల్లాడు దొరికింది దొరికినట్టు తినేస్తాడు. రెండోవాడిది బలహీనత కాదు, అనుభవం. ట్రినిడాడ్‌లో కనబడిన తండ్రి సంగతి గుర్తుంది కదా. ఇది పట్టించుకోకుండా "ఆగలేనివాళ్లు పైకి రాలేరు" అనేస్తే, పేదవాడు పేదవాడుగా ఉన్నది వాడి నోటి చాపల్యం వల్లే అని తేల్చేసినట్టవుతుంది. ఏసీ గదిలో కూచుని వినడానికి చాలా హాయిగా ఉంటుంది ఈ మాట. అందుకే అది అంత బాగా అమ్ముడుపోయిందని నా అభిప్రాయం.

లీ క్రోన్‌బాక్ అని ఇంకో పెద్దాయన, ఆయనదీ స్టాన్‌ఫర్డే, ఏళ్ల తరబడి పోరు పెట్టి చెప్పిన విషయం ఒకటుంది. ఒక పరీక్ష వాలిడా కాదా అని అడక్కండి, ఆ పరీక్ష ఫలితానికి మీరు చెబుతున్న అర్థం వాలిడా కాదా అని అడగండి అని. నాకు ఇది చదివాక చాలా చిక్కుముడులు విడిపోయాయి. మార్ష్‌మాలో పరీక్ష బూటకమా? కాదు. కళ్లెదుట లేకపోతే ఆగడం తేలిక అన్న అర్థానికి అది గట్టి సాక్ష్యం. ఎదుటి మనిషి మీద నమ్మకం ఆగడాన్ని మారుస్తుంది అన్నదానికి మంచి సాక్ష్యం. వందల మంది పిల్లల సగటులో చదువుతో కొద్దిపాటి సంబంధం ఉంది అన్నదానికి కూడా సాక్ష్యమే. మా కొలీగ్ కొడుకు ఫలానా అవుతాడు అన్నదానికి మాత్రం సాక్ష్యం కాదు, ఎప్పుడూ కాలేదు. పరీక్ష ఒకటే, అర్థాలు నాలుగు, ఒక్కోదానికి ఒక్కో లెక్క. ఆఫీసుల్లో పెట్టే పర్సనాలిటీ టెస్టుల విషయంలోనూ నేనిప్పుడు ఇదే అడుగుతున్నాను. టీములో సరదాగా మాట్లాడుకోవడానికి అంటే అభ్యంతరం లేదు. దాన్ని చూసి ఎవరిని లీడ్ చెయ్యాలో తేలుస్తామంటే, ఆ వాడకానికి సాక్ష్యం ఎక్కడుందో చూపించమంటాను. ఇంతవరకు ఎవరూ చూపించలేదు, మీటింగుకి టైమైపోయిందని లేచిపోయారు.

ఇంకో సంగతి చెప్పి ముగిస్తాను. ఈ పరీక్ష ఊరు దాటినప్పుడల్లా కొత్త వేషం వేస్తుంది. కామెరూన్‌లో ఎన్‌సో అనే రైతుల పిల్లల మీద, జర్మనీలో పట్నం పిల్లల మీద ఒకే రకంగా చేస్తే, ఎన్‌సో పిల్లల్లో దాదాపు 70 శాతం మంది చివరిదాకా ఆగారు, జర్మన్ పిల్లల్లో 30 శాతం లోపే. ఆగినవాళ్లకి మార్కులన్న సూత్రం ప్రకారం ఎవరు ఎక్కడుండాలో మీరే ఊహించుకోండి. 2022లో జపాన్, అమెరికా పిల్లలతో చేసింది ఇంకా ముచ్చటైంది. తినుబండారం పెడితే జపాన్ పిల్లలు పదిహేను నిమిషాలు అలవోకగా ఆగారు, అమెరికా పిల్లలు నాలుగు నిమిషాల లోపే చేతులెత్తేశారు. కాగితంలో చుట్టిన బహుమతి పెడితే సరిగ్గా ఉల్టా. అమెరికా పిల్లలు దాదాపు పదిహేను నిమిషాలు, జపాన్ పిల్లలు అయిదు లోపు. కారణం పరిశోధకులు చెప్పింది అలవాటు. జపాన్‌లో అందరికీ వడ్డించేదాకా తినకూడదని పిల్లలకి ఊహ తెలిసినప్పటి నుంచీ నేర్పుతారు. అమెరికాలో క్రిస్మస్ చెట్టు కింద పెట్టిన బహుమతులు ఆ రోజు వచ్చేదాకా విప్పకూడదు.

ఇది చదవగానే నాకు మన వినాయక చవితి గుర్తొచ్చింది. పొద్దున్నించీ వంటింట్లోంచి ఉండ్రాళ్ల వాసన, గారెల వాసన. "నైవేద్యం అవ్వకుండా ముట్టుకోకూడదు నాన్నా, కళ్లు పోతాయి" అంటూ బామ్మల పహారా. కథ అయ్యి, అక్షింతలు పడి, హారతి ఇచ్చేసరికి ఏ పన్నెండో. నాలుగేళ్ల పిల్లలు కూడా గునుస్తూనే ఆగుతారు. అదే పుట్టినరోజు బహుమతికైతే మనవాళ్లు అర నిమిషం ఆగుతారా? అతిథులు మెట్లు దిగకముందే కాగితాలు చింపేస్తాం. మన సైకాలజీ డిపార్ట్‌మెంట్ల వాళ్లెవరైనా దీన్ని పట్టుకుంటే బావుంటుంది. పెద్ద ఖర్చు కూడా లేదు. రెండొందల మంది పిల్లలు, పల్లెలో సగం, పట్నంలో సగం. లడ్డూ ఒక రోజు, చుట్టిన బహుమతి ఒక రోజు, వారం తర్వాత రెండూ మళ్లీ ఒకసారి, అదే పిల్లాడు అదే అంకె ఇస్తాడో లేదో చూడటానికి. పరీక్ష పెట్టే మనిషి పిల్లలకి ముందే తెలిసినామె అయ్యుండాలి కొందరికి, కొత్తామె కొందరికి, చీట్లు తీసి. గడువు ఇరవై నిమిషాలు తగ్గకూడదు. ఏ లెక్క వేస్తారో ముందే రాసి ఎక్కడైనా పెట్టాలి. మార్ష్‌మాలో మాత్రం వద్దు, మన పిల్లల్లో సగం మందికి అది సబ్బుముక్కలా ఉంటుంది. లడ్డూ దగ్గర మనవాళ్లు జపాన్ వాళ్లకి తీసిపోరని నా పందెం. మా కొలీగ్ కొడుకుని కూడా పిలవండి, గులాబ్ జామ్ కాకుండా నైవేద్యం పెట్టాల్సిన లడ్డూతో, వాళ్ల బామ్మ సమక్షంలో.